అందరికీ అంటే అందరికీ

ఇప్పటి కుర్రాళ్లకు కార్డు కొనడం వచ్చు. అమ్మడం అంతకంటే బాగా వచ్చు. దానికో ప్లాస్టిక్ తొడుగు, ఆ తొడుగు మీద ఇంకో తొడుగు వేసి ఆల్బమ్‌లో దాచడమూ వచ్చు. చదవడం ఒక్కటే రాదు. నలుగురం బల్ల చుట్టూ కూర్చుంటాం, ఇద్దరిద్దరం ఒక జట్టు. ఒక కుర్రాడు కార్డు దించి, "ఇది నా పార్ట్‌నర్‌కి కూడా వర్తిస్తుందా?" అంటాడు. అడిగేది పార్ట్‌నర్‌ని కాదు, ఎదుటి జట్టుని కాదు, తల నెరిసిన నన్ను అసలే కాదు. ఫోన్‌ని. కార్డు వాడి చేతిలోనే ఉంది. సంగతంతా దాని మీద రాసే ఉంది. అయినా ఆ మాట ఫోన్‌లో కనబడితే తప్ప వాడికి నమ్మకం కుదరదు.

నేను చెబుతున్నది మ్యాజిక్ ద గ్యాదరింగ్ సంగతి. 1993లో రిచర్డ్ గార్ఫీల్డ్ అనే లెక్కల పండితుడు కనిపెట్టాడు. సియాటిల్ పక్కనున్న విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ కంపెనీ అచ్చువేసింది. మొదటి విడతలో 295 రకాల కార్డులు ఉండేవి. ఇప్పుడు పాతిక వేలు దాటాయి. ఎవరి డెక్ వాళ్లు తయారుచేసుకుని రావాలి. ఒక్కో కార్డూ ఒక క్రీచరో, మంత్రమో, ఇంకోటో. అది ఏం చేస్తుందో దాని మీదే రాసి ఉంటుంది.

మన పేకాటలో ముక్క మీద రాత ఉండదు. ఇస్పేటు రాణి ఏ ఊరు వెళ్లినా ఇస్పేటు రాణే. ఫస్ట్ డ్రాప్‌కి ఎంత, మిడిల్ డ్రాప్‌కి ఎంత, ఫుల్ కౌంట్ ఎంత అన్నవన్నీ పంచకముందే నోటితో ఖాయం చేసుకుంటారు. మ్యాజిక్‌లో వ్యవహారం తిరగబడింది. నిబంధన ముక్కనెక్కి కూర్చుంది. నిబంధనల పుస్తకానికీ కార్డుకీ తగాదా వస్తే కార్డుదే గెలుపని ఆ పుస్తకంలోనే మొదట్లో రాసుకున్నారు. అంత అధికారం ఉన్న నాలుగు వాక్యాలను చదవడానికి బద్ధకమైతే ఈ ఆటకి రావడం దేనికి? రమ్మీ ఆడుకోవచ్చుగా?

మా రోజుల్లో అంటే 90ల మధ్యకాలం. న్యూజెర్సీలో ఒక అపార్ట్‌మెంట్, నలుగురు తెలుగు బ్రహ్మచారులం, నలుగురిదీ కోబాల్ ఉద్యోగమే. కారు ఒకటి, కుక్కర్ ఒకటి, కార్డులున్న చెప్పుల డబ్బా ఒకటి. విడివిడిగా ఆడేందుకు నలుగురికీ సరిపడా మంచి కార్డులు లేక ఇద్దరిద్దరం జట్టు కట్టేవాళ్లం. జట్టు ఆటకి అప్పట్లో కంపెనీ ఖాయం చేసిన పద్ధతంటూ మాకు అందలేదు. జట్టుకి 40 లైఫ్, అంటే ప్రాణాలు, అని మాకు మేమే పెట్టుకున్నాం. పేరు మాత్రం కార్డులోంచే వచ్చింది. మొదటి విడతలోనే టూ హెడెడ్ జయింట్ ఆఫ్ ఫోరియస్ అని రెండు తలల రాక్షసుడి కార్డు ఒకటుంది. ఒక ఒంటికి రెండు తలలు, ఒక జట్టుకి ఇద్దరు మనుషులు. ఆ ఆటకి ఇప్పటికీ అదే పేరు.

అప్పటి కార్డుల రాత ఎలా ఉండేదనుకున్నారు? లైట్నింగ్ బోల్ట్ అనే పిడుగు కార్డు మీద, మొదటి విడతలో, ఒక లక్ష్యానికి 3 డ్యామేజీ అని మాత్రమే ఉండేది. ఏ లక్ష్యం? మనిషా, క్రీచరా, బల్ల మీది కాఫీ కప్పా? అది మన ఇంగితానికి వదిలేశారు. టైమ్ వాక్ కథ ఇంకా చిత్రం. అచ్చుకి వెళ్లకముందు ఆ కార్డు చిత్తుప్రతి మీద ప్రత్యర్థి తర్వాతి వంతు పోగొట్టుకుంటాడనే అర్థంలో రాశారు. ఆ ఇంగ్లీషు వాక్యాన్ని ఇంకోలా చదివితే తర్వాతి వంతులో ప్రత్యర్థి ఆటే ఓడిపోతాడని కూడా వస్తుంది. పరీక్షకి ఆడిన వాళ్లలో ఒకరు అలాగే చదివారు. దాంతో మాట మార్చి, దీని తర్వాత ఇంకో వంతు నీదేనని స్పష్టంగా అచ్చువేశారు. ఆ చిత్తుప్రతే మా చేతికి వచ్చి ఉంటే మా గదిలో ఒక రాత్రంతా పంచాయితీ నడిచేది.

బ్లాక్ వైస్ విషయంలో నిజంగానే నడిచింది. ప్రత్యర్థి చేతిలో నాలుగుకి మించి కార్డులుంటే, మించిన ఒక్కోదానికీ ఒక డ్యామేజీ అని పాత ముద్రణ మీద ఉండేది. రాసినాయన బుర్రలో ఇద్దరి ఆటే ఉంది. మా బల్ల దగ్గర ప్రత్యర్థులు ఇద్దరు. ఎవరి చేయి లెక్కపెట్టాలి? ఇద్దరిదీ కలిపి లెక్కపెట్టాలన్నాడు కార్డు యజమాని అయిన మా రాజమండ్రి మిత్రుడు. "ఒరే, ఏకవచనంలో రాశాడు, కనబడట్లేదా?" అన్నాడు నలుగురిలో ఒకడైన మా కడప బావ. కుక్కర్ మూడు కూతలు కూసేదాకా వాదించుకుని, ఆఖరికి కార్డు దించేటప్పుడే ఒకడి పేరు చెప్పాలని, చెప్పాక మార్చకూడదని తీర్మానించుకున్నాం. ఇప్పుడు కంపెనీవారి అధికారిక పాఠం తీసి చూడండి. కార్డు దించేటప్పుడు ఒక ప్రత్యర్థిని ఎంచుకో అనే ఉంటుంది. ది ర్యాక్ కార్డుదీ అదే దారి. అంతమంది ఉద్యోగులు కూర్చుని తేల్చింది మేం అన్నం ఉడికేలోపు తేల్చాం.

చదవడమంటే అదీ. రాత వదులుగా ఉండేది కాబట్టి నలుగురం ముందుకు వంగి చదివేవాళ్లం. ఒకడు పైకి చదివేవాడు, ఇంకోడు అడ్డుపడేవాడు, మూడోవాడు పోయినవారం ఇదే సందర్భంలో ఏమనుకున్నామో గుర్తుచేసేవాడు. డ్యుయెలిస్ట్ పత్రిక చేతికొస్తే అందులో ప్రశ్నలకి ఇచ్చిన జవాబులు పరీక్ష ఫలితాల్లా వెతుక్కునేవాళ్లం. ఇప్పుడు నిబంధనల గ్రంథం 300 పేజీల దగ్గర ఉంటుంది. అందులో రెండు తలల ఆటకి 810 నంబరుతో సొంత అధ్యాయం. ఉంటే ఉండనీ, నాకేం అభ్యంతరం లేదు. ఆ అధ్యాయాన్ని నేను చదివాను. తినిపారేసినట్టు చదివాను. ఫోన్ పట్టుకున్న కుర్రాళ్లలో ఎంతమంది చదివారో వాళ్లనే అడగండి.

చదివితే అందులో ఎంత రుచి ఉందో తెలిసేది. ఇప్పటి పద్ధతిలో జట్టుకి కలిపి 30 లైఫ్. ఒకరి చేతిలోని కార్డులు ఒకరు చూసుకోవచ్చు, ఎంతసేపైనా గుసగుసలాడుకోవచ్చు, కార్డులు దించడానికి ఖర్చయ్యే మానా మాత్రం అప్పివ్వడానికి లేదు. దెబ్బ తగిలేది ఒక్కో మనిషికి విడిగా, తగ్గేది ఇద్దరి ఉమ్మడి ఖాతాలోంచి. అసలు కిటుకంతా ఈ ఒక్క వాక్యంలోనే ఉంది. కొకుషో అనే డ్రాగన్ చచ్చిపోతే ప్రతి ప్రత్యర్థీ 5 లైఫ్ పోగొట్టుకుంటాడు, పోయినంతా నీకొస్తుంది. ఎదుట ఇద్దరున్నారు కాబట్టి వాళ్ల ఖాతాలో 10 తెగుతుంది, మన ఖాతాలో 10 చేరుతుంది. 2014లో వచ్చిన సీజ్ రైనో ప్రతి ప్రత్యర్థి దగ్గరా 3 తీసేస్తుంది, నీకు మాత్రం 3 ఇస్తుంది. అంటే అటు 6 పోయినా ఇటు 3 మాత్రమే. పోయినంతా నీకే అన్న రాతకీ, నీకు 3 అన్న రాతకీ తేడా ఇద్దరి ఆటలో కనబడదు. నలుగురు కూర్చున్నప్పుడు బయటపడుతుంది.

ఇంకా రుచికరమైనది హార్ట్‌లెస్ హిడెట్సుగు. 2005 నాటి కార్డు. ప్రతి ఆటగాడికీ అతని లైఫ్‌లో సగం డ్యామేజీ, సగం సరిగ్గా రాకపోతే కిందికి దించాలి. రెండు తలల ఆటలో ఒక మనిషి లైఫ్ ఎంత అని కార్డు అడిగితే, జట్టు మొత్తం లైఫే అతని లైఫ్ అని లెక్క. జట్టుకి 16 ఉందనుకోండి. ఒక తలకి 8, రెండో తలకి 8, ఖాతా సున్నా, ఆట చాలించాలి. 17 ఉందనుకోండి. సగం ఎనిమిదిన్నర, కిందికి దించితే 8. రెండు తలలకీ కలిపి 16 పోయాక ఒకటి మిగులుతుంది. బేసి లైఫ్ ఉన్న జట్టు బతుకుతుంది, సరి లైఫ్ ఉన్న జట్టు పోతుంది. అంటే ఈ కార్డు చేతిలో ఉన్నవాడు ముందునుంచీ తన ఖాతాని బేసి మీద నిలుపుకుంటూ రావాలి. ఇదంతా ఆ ఒక్క వాక్యంలో దాగి ఉంది. ఈమధ్య మా ఊరి కార్డుల షాపులో ఒక అబ్బాయి ఈ కార్డు వేసి, ఫోన్లో జవాబు చూసి, "అంకుల్, మీరు అవుట్" అన్నాడు. ఎందుకు అవుటో చెప్పమంటే ఫోన్ నా వైపు తిప్పాడు. ఓడిపోయినందుకు నాకు బాధలేదు. ఎందుకు గెలిచాడో వాడికి తెలియకపోవడమే అన్యాయం.

ఇక నా అసలు ఫిర్యాదుకి వస్తాను. మా రోజుల్లో కార్డు మీద అందరికీ అని ఉంటే అందరికీనే. 1994లో లెజెండ్స్ సెట్‌లో సిఫాన్ సోల్ అని ఒక కార్డు వచ్చింది. నువ్వు తప్ప మిగతా ప్రతి ఆటగాడికీ 2 డ్యామేజీ, తగిలినంతా నీకు లైఫ్. మిగతా ప్రతి ఆటగాడిలో పక్కనున్న పార్ట్‌నర్ కూడా ఉన్నాడు! కడప బావ ఆ కార్డు వేసినప్పుడల్లా నేను అలిగేవాణ్ణి. "నన్నెందుకురా కొడతావ్?" అంటే, కాగితం మీద లెక్కవేసి చూపించేవాడు. ఎదుటివాళ్లకి నాలుగు, నాకు రెండు, మొత్తం ఆరు. ఆ ఆరూ మన ఖాతాకే. నా దెబ్బ రెండూ తీసేస్తే మిగిలేది నాలుగు. ప్రత్యర్థులకి మాత్రమే అని రాసి ఉన్నా అదే నాలుగు. ఒంటికి నొప్పి తప్ప ఇంటికి నష్టం లేదన్నమాట. 2002 నాటి సిఫాన్ మైండ్ అయితే ఇంకా నయం. మిగతా అందరూ తలా ఒక కార్డు పారేయాలి, పారేసిన ఒక్కోదానికీ నువ్వొకటి తీసుకోవాలి. పార్ట్‌నర్ చేతిలో పనికిరాని ముక్క ఉంటే అది చెత్తలోకి, కొత్త ముక్క నీ చేతిలోకి. ప్రత్యర్థులు మాత్రమే అని రాస్తే వచ్చేవి రెండు. అందరూ అని రాశారు కాబట్టి మూడు.

మేలు కూడా అలాగే పంచేవాళ్లు. గోబ్లిన్ కింగ్ కార్డు ఉంటే ఆటలో ఉన్న మిగతా గోబ్లిన్లన్నింటికీ బలం పెరిగేది. నావీ, నా పార్ట్‌నర్‌వీ, ఎదుటివాళ్లవీ. లార్డ్ ఆఫ్ అట్లాంటిస్ దిగితే మిగతా మత్స్యకన్యలన్నీ బలపడేవి, ఎవరివైనా సరే. ఎదుటివాడు కూడా గోబ్లిన్లే తెచ్చాడా అన్నది ముందే పసిగట్టాలి. అందుకే జట్టుగా కూర్చునే ముందు, "నువ్వేం కడుతున్నావ్, నేనేం కట్టనూ" అని మాట్లాడుకునేవాళ్లం. ఒకడు కట్టిన డెక్ ఇంకోడికి పనికొచ్చేది.

దీనికి పరాకాష్ఠ స్లివర్లు అనే క్రీచర్లు. 1997లో టెంపెస్ట్ సెట్‌తో వచ్చాయి. ఒక స్లివర్‌కి రెక్కలుంటే స్లివర్లన్నీ ఎగురుతాయి, ఒకదానికి కండ ఉంటే అన్నింటికీ కండ పడుతుంది. అన్నింటికీ అంటే బల్ల మీదున్న స్లివర్లన్నింటికీ. 2007లో శాన్ డియాగోలో ప్రో టూర్ జరిగింది. ఆ పోటీ పూర్తిగా రెండు తలల పద్ధతిలోనే. క్రిస్ లాచ్‌మన్, జేకబ్ వాన్ లూనెన్ అనే ఇద్దరు కుర్రాళ్లు స్లివర్లు ఏరుకుని గెలిచారు. ఒకడు దించిన స్లివర్ పక్కవాడి స్లివర్లకీ బలమిస్తుందని, ఇద్దరి సైన్యం ఒక్కటవుతుందని వాళ్లు కార్డు మీద చదివారు. చదివి నమ్మారు. పెద్ద పెద్ద ఆటగాళ్లు పక్కకి నెట్టిన చవక కార్డులతో కప్పు ఎత్తుకుపోయారు. ఒక ప్రో టూర్‌ని ఒక్క మాట గెలిపించింది.

అన్నింటికీ అనే ఆ మాటని 2013లో పీకేశారు. మ్యాజిక్ 2014 సెట్‌లో కొత్త స్లివర్లు వచ్చాయి. వాటి మీద ఇప్పుడు నీ అధీనంలో ఉన్న స్లివర్లకి అని ఉంటుంది. నీవి నీకు, నావి నాకు. పార్ట్‌నర్ భుజం తగిలేంత దగ్గరగా కూర్చుంటాడు, ఒకే లైఫ్ ఖాతా, ఒకే వంతు, ఓడితే ఇద్దరం కలిసే ఓడతాం. అయినా నా స్లివర్ రెక్కలు వాడి స్లివర్‌కి మొలవవు. కొత్త కార్డుల్లో ఎక్కడ చూసినా ఇదే వరస. మేలు నీకు మాత్రమే, కీడు ప్రత్యర్థులకి మాత్రమే. దీనివల్ల పొరపాటున పక్కవాణ్ణి కొట్టే ప్రమాదం పోయింది, నిజమే. దాంతోపాటే అనుకోకుండా పక్కవాడికి ఉపకారం చేసే దారీ మూసుకుపోయింది. పార్ట్‌నర్ డెక్‌లో ఏముందో తెలుసుకోవలసిన అవసరమే లేకుండా పోయింది. నలుగురు ఆడే ఆటలో రెండు ఇద్దరి ఆటలు పక్కపక్కన జరుగుతున్నాయి.

చిత్రమేమిటంటే నీ, నువ్వు అనే అదే మాట ఇంకోచోట జట్టంతటికీ పాకుతుంది. ప్లాటినం ఏంజెల్ ఉంది చూశారూ, ఆ దేవత నీ పక్షాన ఉన్నంతకాలం నువ్వు ఓడిపోలేవని దాని మీద ఉంటుంది. నువ్వు అని ఒక్కణ్ణే అన్నారు. కానీ రెండు తలల ఆటలో ఒక తల ఓడకపోతే రెండోది ఎలా ఓడుతుంది? కాబట్టి జట్టు మొత్తం బతికిపోతుంది. స్లివర్ల దగ్గర పార్ట్‌నర్‌ని గడప బయట నిలబెట్టిన మాటే ఇక్కడ లోపలికి పిలిచి పీట వేస్తుంది. ఎందుకలాగో యాప్ చెప్పదు. లైఫ్, గెలుపోటములు జట్టువి, క్రీచర్లు మనిషివి అన్న సూత్రం బుర్రలో ఉంటే ఎవరినీ అడగనక్కర్లేదు.

2018లో కంపెనీవారికి జట్టు ఆట మీద ప్రేమ పుట్టి బ్యాటిల్‌బాండ్ అని ప్రత్యేకంగా ఒక సెట్ వేశారు. అందులో నీ జట్టు అనే మాట తెచ్చారు. పార్ట్‌నర్‌కి మేలు చేయాలంటే కార్డు మీద అనుమతి అచ్చయి ఉండాలన్నమాట! అసిస్ట్ అని ఇంకోటి పెట్టారు, ఆ మాట ఉన్న కార్డుకి మాత్రం పక్కవాడు మానా సాయం చేయవచ్చు. నలుగురు కలిసిన పెళ్లిలో వడ్డనకి కూడా రసీదు రాసినట్టుంది. అయితే ఆ సెట్‌లో నాకు నచ్చినవి లేకపోలేదు. కొన్ని కార్డులు ఒక్కో ఆటగాణ్ణీ మిత్రుడో శత్రువో నువ్వే తేల్చమంటాయి. కావాలంటే పార్ట్‌నర్‌ని శత్రువనీ, ఎదుటివాణ్ణి మిత్రుడనీ అనవచ్చు. ఏది లాభమో ఆ క్షణంలో బుర్రపెట్టి చూసుకోవాలి. పాతకాలపు బుద్ధి ఇంకా ఎవరికో మిగిలి ఉందని సంతోషించాను.

మాటలు మార్చడంలో మాత్రం వీళ్లకి విసుగు లేదు. 1999లో కార్డులు ఏ వరసలో పనిచేయాలన్న పాత లెక్కలన్నీ తీసేసి స్టాక్ అన్నారు, ఇంటరప్ట్ అనే కార్డుల రకం పోయింది. 2009లో, వాడకుండా మిగిలిన మానాకి లైఫ్ పోయే మానా బర్న్ పోయింది, ఆటలోంచి తీసేయడం కాస్తా ఎగ్జైల్ అయింది, ఆటలోకి రావడం బ్యాటిల్‌ఫీల్డ్ మీదకి రావడమైంది. 2024 వచ్చేసరికి ఆ బ్యాటిల్‌ఫీల్డ్ కూడా బరువనిపించి, వస్తుంది అని మాత్రమే రాస్తున్నారు. నా డబ్బాలోని కార్డు మీద ఉన్నది ఒకటి, చెల్లేది ఒరాకిల్ అనే కంపెనీ అధికారిక పాఠంలో ఉన్న ఇంకొకటి. పిడుగు కార్డు కథే వినండి. మొదట ఒక లక్ష్యం అన్నారు. తర్వాత, అస్పష్టంగా ఉందని, క్రీచర్ లేదా ఆటగాడు అని సవరించారు. 2018లో డొమినేరియా సెట్‌తో ఏ లక్ష్యమైనా అన్నారు. పాతికేళ్లు తిరిగి బయల్దేరిన గుమ్మం దగ్గరికే వచ్చారు. మేం మొదటిరోజే అలా చదువుకున్నాం.

చదవడం మీద వాళ్లకున్న గౌరవానికి ఇంకో నిదర్శనం కావాలా? ఆటగాళ్లకి బహుమతిగా కొన్ని కార్డులు రాతే లేకుండా అచ్చేశారు. నిండా బొమ్మే. వాటిలో క్రిప్టిక్ కమాండ్ ఒకటి. నాలుగు పనుల్లో రెండు ఎంచుకోమనే కార్డు అది. ఆ నాలుగూ ఏమిటో మాత్రం దాని మీద ఉండదు!

నా పిల్లల వయసువాళ్లు దీనికి చెప్పే జవాబు నాకు తెలుసు. "అంకుల్, మీరు నలుగురూ ఒకే గదిలో ఉండేవాళ్లు, కొట్టుకున్నా రాత్రి ఒకే కుక్కర్లోంచి తినేవాళ్లు. మేం ముక్కూమొహం తెలియని వాళ్లతో డబ్బు పెట్టి పోటీల్లో ఆడతాం. రాత గట్టిగా లేకపోతే గొంతు గట్టిగా ఉన్నవాడే గెలుస్తాడు." ఈ మాటలో బలముంది, కాదనను. మా గదిలో కూడా కడప బావ గొంతుకి కొన్ని ఆటలు గెలిచిన చరిత్ర ఉంది. పోటీకి రాత గట్టిగానే ఉండాలి, జడ్జి కూడా ఉండాలి. నా పేచీ గట్టి రాతతో కాదు. రాతని ఎంత గట్టిగా బిగిస్తే చదివేవాళ్లు అంత తగ్గడమే నాకు మింగుడుపడటం లేదు. బిగించినవాళ్లు పక్కవాడిని వాక్యంలోంచి తీసేయడం అంతకన్నా మింగుడుపడటం లేదు.

కాబట్టి ఈసారి రెండు తలల ఆటకి కూర్చున్నప్పుడు ఫోన్లు జేబులో పెట్టండి. కార్డు దించినవాడు దాన్ని మొదటి మాట నుంచి చివరి మాట దాకా, బల్లకి నాలుగువైపులా వినబడేలా చదవాలి. ప్రతి ఆటగాడూ అని ఉందా, ప్రతి ప్రత్యర్థీ అని ఉందా, మిగతా ప్రతి ఆటగాడూ అని ఉందా అన్నది పార్ట్‌నర్ చెప్పాలి. లెక్క ఎదుటి జట్టు వెయ్యాలి. అప్పటికీ తేలకపోతే అధ్యాయం 810 తెరవండి. అదీ అర్థం కాకపోతే నన్ను పిలవండి, శనివారాలు నాకు పనేం ఉండదు. స్లివర్లు మాత్రం పాతవే తెస్తాను. మీ దగ్గర కూడా స్లివర్లుంటే నా పక్కన కూర్చోండి, ఎదురుగా కూర్చోకండి.